ఇద్దరి కూలి తినే జబ్బు

దగ్గరికి జరగండిరా. మిరప కల్లం కాడ కావలంటే తెల్లార్లూ కూచోవాల్సిందే, నిద్ర ఆగాలంటే ముచ్చటన్నా ఉండాలి. ఒరేయ్, ఆ తాలుకాయలు మంటలో వేయమాకు, ఘాటుకి కళ్ళు మండి చస్తాం.

కళ్ళంటే గుర్తొచ్చింది. పొద్దున చిన్నోడు అడిగాడు, "తాతా, నీ కంట్లో గాజుముక్క పెట్టారంట గదా, గుచ్చుకోదా?" అని. గాజు కాదురా, బిళ్ళ. రెండు కళ్ళల్లోనూ ఉంది. అది నా కంట్లోకి ఎట్టా వచ్చిందో చెప్పాలంటే ఒక ఆసుపత్రి పుట్టుక చెప్పాలి. ఆ ఆసుపత్రి ఎందుకు పుట్టిందో తెలియాలంటే మా నాయనమ్మ కాడి నుంచి మొదలెట్టాలి.

మా నాయనమ్మకి యాభై దాటేసరికే రెండు కళ్ళకీ పొరలు కమ్మినయ్. అప్పటికి మన బోనకల్లు వైపు సాగర్ ఎడమ కాలువ నీళ్ళు రాలేదు, అంతా మెట్ట. జొన్న, కంది, వేరుశెనగ. ఏడాది పొడుగునా కూలి దొరికేది కాదు, దొరికిన రోజు పోకపోతే పొయ్యి వెలిగేది కాదు. ఆమెకి కర్ర ఒక కొస, నాకు రెండో కొస. బావి కాడికి పోవాలన్నా, చెంబు పట్టుకుని చేల గట్టుకి పోవాలన్నా, శివరాత్రికి గుడికి పోవాలన్నా ముందు నేను, ఎనక ఆమె. రెండో తరగతిలోనే నా బడి ఆగిపోయింది. నాకేం దిగులు లేదు, పంతులు దెబ్బలు తప్పినయ్యని సంబరమే. ఏం పోయిందో మా నాయనకి తెలుసు. "ఈ జబ్బు మా అమ్మ ఒక్కదానికి రాలేదు, ఇద్దరి కూలి తింటంది" అనేవాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, మనకి దాంతో పని పడుద్ది.

మందులు లేవా అంటే ఉన్నయ్, ఆ మందులే చానామందిని ముంచినయ్. కన్ను ఎర్రబడితే చనుబాలు పిండేవాళ్ళు, ఆముదం పోసేవాళ్ళు, ఎవరికే ఆకు తోస్తే ఆ ఆకు నూరి పసరు పిండేవాళ్ళు. కోతల్లో ఆకు గీరుకున్న కంట్లో ఆ పసరు పడ్డదా, నాలుగు రోజులు తిరక్కముందే నల్లగుడ్డు తెల్లబడేది. పువ్వు పడింది అనేవాళ్ళు. తిరుగుడు కంటివైద్యులని కొందరు వచ్చేవాళ్ళు. ముదిరిన పొరని సూదితో కంట్లోనే కిందికి నెట్టేవాళ్ళు. సుశ్రుతుడి నాటి పద్ధతంట అది. నెట్టిన పూట ఎలుగు కనపడేది, ఇంట్లో అంతా దండాలు పెట్టేవాళ్ళు. వైద్యుడు పొలిమేర దాటాక కన్ను చీము పట్టేది.

చిన్నపిల్లల సంగతి ఇంకా అన్యాయం. తట్టు పోసి లేచిన పిల్లలకి, తిండి చాలని పిల్లలకి ముందు రేచీకటి వచ్చేది, తర్వాత గుడ్డే కరిగిపోయేది. ఆకుకూర తినక, 'ఎ' విటమిన్ చాలక అది వస్తదని ఎవరికి తెలుసు? హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూడండి, అక్కడి వాళ్ళు ఆ విటమిన్ని ఆరు నెలలకోసారి ఒకేసారి ఎక్కువ మోతాదులో తాగిస్తే చాలని తేల్చారు. 1970లో సర్కారు దేశమంతా మొదలుపెట్టింది. మీ నాయనకి నర్సమ్మ చెంచాతో పోసిన పచ్చటి మందు అదే.

ఇక పెద్దోళ్ళ పొరలు. డాక్టరు కాడికి పోతే ఒకటే మాట, "ఇంకా ముదరలేదు, పండినాక రండి" అని. అప్పటి ఆపరేషన్లో కంటి లోపలి బిళ్ళని దాని సంచితో సహా మొత్తం లాగేసేవాళ్ళు. మొత్తం మసకేసి, చేతి వేళ్ళు కూడా కనపడని దాకా ఆగాలి. అంటే ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తిప్పాల్సిందే.

1976లో కేంద్రం అంధత్వ నివారణ పథకం పెట్టినాక కంటి క్యాంపులు జోరందుకున్నయ్. బడికి సెలవిచ్చి, బెంచీలు బయటేసి, గదుల్లో గడ్డి పరిచి పైన దుప్పట్లు పరిచేవాళ్ళు. ఆపరేషను అయినోళ్ళని వరసగా పడుకోబెట్టి, తల కదలకుండా అటొక ఇసక మూట, ఇటొక ఇసక మూట. రెండు కళ్ళకీ కట్టు. దగ్గితే భయం, తుమ్మితే భయం. నవ్వితే కుట్టు ఊడుద్దని బావమరుదుల్ని గుమ్మం లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.

కట్టు ఇప్పినాక సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవాళ్ళు. లోపలి బిళ్ళ తీసేశారు గదా, ఆ పని బయట ఈ లావుపాటి అద్దం చెయ్యాలి. దాంట్లోంచి చూస్తే ప్రతిదీ నాలుగో వంతు పైనే పెద్దగా కనపడేది. పక్కన ఏముందో అసలు కనపడేది కాదు. మా పెదనాయన ఆ అద్దాలు పెట్టుకుని మొదటి రోజు గడప దాటబోయి మోకాలెత్తు కాలెత్తాడు. చేతిలో రూపాయి బిళ్ళ చూసుకుని "సర్కారు రూపాయిని పెద్దది చేసిందేందిరా" అన్నాడు. అద్దాలు పగిలినయ్యా, మళ్ళీ చీకటే. అయినా గుడ్డికన్న మెల్ల మేలన్నట్టు, అదే భాగ్యం అనుకునేవాళ్ళు.

ఆ పెదనాయనకే రెండో కంటికి ఇంకో క్యాంపులో చేయించాం. ఏ ఊరు, ఎవరు పెట్టారు అని అడగమాకండి, వాళ్ళు మంచి చెయ్యాలనే చేశారు. వారానికి కన్ను ఎర్రబడింది, నీరు కారింది, నొప్పికి రాత్రుళ్ళు గోడకి తల బాదుకునేవాడు. బండి కట్టుకుని ఆ బడి కాడికి పోయాం. పిల్లలు ఎక్కాలు చదువుతన్నారు. బెంచీలు మళ్ళీ లోపలికి చేరినయ్, క్యాంపు ఎప్పుడో లేచిపోయింది. ఏ డాక్టరు చేశాడో చీటీ మీద రాసి లేదు. ఆ కన్ను పోయింది. మంచి డాక్టరు ఒక రోజు వస్తే చాలదని, మర్నాడు నొప్పొస్తే పోవడానికి ఒక తలుపు ఉండాలని ఆ రోజు తెలిసొచ్చింది మాకు.

ఆ తలుపు ఎట్టా వచ్చిందో ఇప్పుడు చెప్తా, ఇనండి.

మీరు టీవీలో 'మిస్సమ్మ' చూశారు గదా? 1955లో వచ్చింది. మేం డేరా హాల్లో నేల టిక్కెట్టు మీద కూచుని చూశాం. అది తీసిన డైరెక్టరు ఎల్.వి.ప్రసాద్. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో రైతు బిడ్డ, పుట్టింది 1908లో. ఇంట్లో చెప్పకుండా బొంబాయి పోయాడు. హిందీలో మొదటి టాకీ 'ఆలం ఆరా', అరవంలో మొదటిది 'కాళిదాస్', మన తెలుగులో మొదటిది 'భక్త ప్రహ్లాద', మూడింటిలోనూ వేషం వేసినోడు. 'మన దేశం'లో ఎన్టీ రామారావుని మొదటిసారి తెర మీద చూపించిందీ ఆయనే. 'షావుకారు', 'సంసారం', 'పెళ్ళి చేసి చూడు' అన్నీ ఆయన చేతివే.

"తాతా, సినిమా ఆయనకీ ఆసుపత్రికీ ఏం సంబంధం?" అంటావా? అదే చెప్తన్నా, ఆగు.

కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు అనే కంటి డాక్టరు ఒకాయన ఉన్నాడు. నాయన కూడా కంటి డాక్టరే. గుంటూరులో చదివాడు, ఢిల్లీ పెద్దాసుపత్రిలో నేర్చాడు, అమెరికా పోయి నల్లగుడ్డు మార్చే వైద్యంలో ఆరితేరాడు. అక్కడే ఉండి ఉంటే కోట్లు. భార్యతో కలిసి తిరిగొచ్చాడు. ఆ భార్యాభర్తలు ఇక్కడ పెట్టాలనుకున్నది ఒట్టి ఆపరేషన్ల ఆసుపత్రి కాదు. వైద్యం, చదువు చెప్పడం, పరిశోధన మూడూ ఒకే కప్పు కింద ఉండాలి, ఎవరి సొంత లాభానికీ కాకుండా ట్రస్టు కింద ఉండాలి. ఎల్.వి.ప్రసాద్ ఆ మాట విని బంజారాహిల్స్‌లో అయిదెకరాల జాగా, కోటి రూపాయలు ఇచ్చాడు. 1980ల్లో కోటంటే ఏందనుకున్నారు? మన మండలంలో భూములన్నీ అమ్మినా ఎంతొస్తదో లెక్కేసుకునే రోజులు. 1987 కల్లా ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి నడవడం మొదలైంది. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరనుకున్నారు? ప్రసాద్ మొదటి వేషం ఇచ్చిన ఆ రామారావే.

మా అమ్మకి పొరలొచ్చే నాటికి ఆ ఆసుపత్రి మాట మన దాకా వచ్చింది. గోల్కొండ ఎక్కి సికింద్రాబాదులో దిగాం. ఆ అద్దాల మేడ చూసి మా అమ్మ మెట్ల కాడే ఆగిపోయింది. "ఇది మనలాంటోళ్ళకి కాదురా, ధర్మాసుపత్రికి పోదాం పా" అంది. లోపల కిటికీ కాడ అమ్మాయితో చెప్పా, ఇట్టా బోనకల్లు నుంచి వచ్చాం, కూలీనాలీ చేసుకునేవాళ్ళం అని. ఆ పిల్ల ఆమాట ఈమాట అడిగి కాగితం రాసింది. డబ్బు మాట ఎత్తలేదు. ఒకామె వచ్చి మా అమ్మ మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, ముందు మెట్టుంది. ఇప్పుడు ఎడమకి తిరుగుతన్నాం. ఇది కుర్చీ, చేత్తో తడిమి చూసుకో, అప్పుడు కూచో" అని ప్రతి అడుగూ చెప్పుకుంటా తీసుకుపోయింది. నేను ఎనకాల చేతులూపుకుంటా నడిచా. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి గుడ్డోళ్ళని తిప్పినోణ్ణి నేను, ఆసుపత్రిలో నా చెయ్యి ఖాళీగా ఉండటం అదే మొదలు.

ఆ ఆసుపత్రి నడిచే లెక్క సులువే. కట్టగలిగినోళ్ళు కడతారు. ఆ రాబడిలోంచి, దాతలిచ్చినదాంట్లోంచి కట్టలేనోళ్ళకి జరుగుద్ది. వచ్చేవాళ్ళలో సగం మందికి పైసా లేకుండానే చేస్తారు. గదిలో తేడా ఉంటదేమోగానీ డాక్టరు ఒకరే, కత్తి ఒకటే, మందు ఒకటే. డబ్బిచ్చినోడి కన్ను, ఇవ్వనోడి కన్ను అని ఆపరేషన్ బల్ల మీద రెండు రకాలు ఉండవు.

మా అమ్మకి సోడాబుడ్డి అద్దాలు ఇవ్వలేదు. కంట్లోనే బిళ్ళ పెట్టారు. దాని కథ కూడా చిత్రమే. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల ముందరి కప్పు పగిలి దాని ముక్కలు పైలట్ల కళ్ళల్లో దిగబడినయ్. లండన్‌లో హెరాల్డ్ రిడ్లే అనే డాక్టరు వాళ్ళని చూస్తా ఒక సంగతి కనిపెట్టాడు. ఆ ప్లాస్టిక్ ముక్కలు ఏళ్ళ తరబడి కంట్లో ఉన్నా కన్ను వాటిని పుండు చేసుకోలేదు. అయితే ఈ సరుకుతోనే బిళ్ళ చేసి కంట్లో పెడితే? 1949లో పెట్టాడు. తోటి డాక్టర్లు ఆయన్ని ఆడిపోసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు పట్టింది ఒప్పుకోవడానికి. ఒప్పుకున్నాక కూడా బిళ్ళ బయటి దేశం నుంచే రావాలి, మనబోటోళ్ళకి అందే ధర కాదు. మధురైలో అరవింద్ కంటి ఆసుపత్రి అని ఉంది. 1976లో డాక్టర్ వెంకటస్వామి పదకొండు మంచాలతో మొదలుపెట్టాడు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయినా ఆ వేళ్ళతోనే ఆపరేషన్లు చేసిన మనిషి. వాళ్ళు 1992లో ఆ బిళ్ళ మన దేశంలోనే చేయడం మొదలుపెట్టారు. ధర పదో వంతుకి దిగింది. ఆ తర్వాత "పండినాక రండి" అనే మాట పోయింది. మసక మొదలై పనికి అడ్డం వచ్చిందంటే చాలు, చేసేస్తారు.

అయితే పిల్లలూ, అసలు ముచ్చట ఇక్కడి నుంచే. మా అమ్మకి చేసింది ఉచితమే. మరి ఖర్చు కాలేదా? అయింది. రైలు, తిండి, ఆటో, నా కూలి, ఇంటి కాడ గొడ్లు చూసినోళ్ళకి ఇచ్చింది. మళ్ళీ చూపించుకోవడానికి పోతే మళ్ళీ అంత. మా నాయన చెప్పిన ఇద్దరి కూలి లెక్క అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. వైద్యం ఊరికే ఇచ్చినా, దారి ఊరికే రాదు గదా. హైదరాబాదులో ఎంత గొప్ప ఆసుపత్రి ఉంటే ఏంది, చెయ్యి పట్టుకుని తీసుకుపోయే మనిషి పని మానుకోలేకపోతే?

ఆ ఆసుపత్రి వాళ్ళకి ఈ సంగతి నాకన్నా ముందే తెలిసింది. ఎట్టా తెలిసిందంటే లెక్క తీశారు. 1996 నుంచి 2000 దాకా హైదరాబాదు నగరంలోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ 10,293 మంది కళ్ళు చూశారు. నూటికి ఇద్దరికి కాస్త తక్కువగా గుడ్డితనం ఉంది, 1.84 శాతం. అందులో సగానికి దగ్గర పొరలు. అది అందరూ అనుకున్నదే. ఎవరూ అనుకోనిది ఇంకోటి బయటపడింది. ఆరుగురిలో ఒకరికి కావాల్సింది కత్తీ కాదు, మందూ కాదు. ఒట్టి కళ్ళద్దాలు. అద్దాలు పెట్టేవాళ్ళు లేక జనం గుడ్డోళ్ళై బతుకుతన్నారంటే ఏమనుకోవాలి?

ఆ రోజుల నుంచే ఆ ఆసుపత్రి పైకి కాదు, కిందికి పెరిగింది. యాభై వేల జనానికి ఒక చిన్న కేంద్రం. అందులో డాక్టరు ఉండడు. ఇంటర్ చదివిన చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలనే తీసుకుని ఏడాది నేర్పి కూచోబెడతారు. వాళ్ళు చూపు కొలుస్తారు, అద్దాలు ఇస్తారు, లోపల తేడా ఉంటే పై ఆసుపత్రికి చీటీ రాస్తారు. అయిదు లక్షల జనానికి ఒక ఆసుపత్రి, అక్కడ డాక్టరు ఉంటాడు, పొరల ఆపరేషన్లు అక్కడే. దానికీ మించితే అప్పుడు హైదరాబాదో, విజయవాడో, విశాఖపట్నమో. అట్టాంటి పల్లె ఆసుపత్రి మొదట పెట్టింది ఎక్కడనుకున్నారు? ఆదిలాబాదు ముధోల్‌లో. తర్వాత పాలమూరు వైపు తూడుకుర్తి. అట్టా అట్టా మన పాత ఖమ్మం జిల్లాకీ వచ్చింది. కొత్తగూడెం దాటినాక పాల్వంచలో నవభారత్ కంటి ఆసుపత్రి అని ఉంది చూశారా, అది వాళ్ళదే.

పాల్వంచలో పెట్టడంలో గుట్టుంది. దాని ఎనకాలంతా భద్రాచలం అడవి. కోయ గూడేలు. ఆ గూడేల వాళ్ళే గదా ఏటా మిరపకాయ ఏరటానికి మన చేలకి వచ్చేది. ఒక ఏడు ఒక కోయ ఆడమనిషికి వరికుప్ప కాడ పొట్టు పడి కన్ను ఎర్రబడింది. ఎవరో మందుల షాపులో చుక్కలు కొనిచ్చారు. మొదటి రోజు నొప్పి తగ్గింది, ఎరుపు తగ్గింది, బాగైందనుకున్నారు. మర్నాటికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. అవి స్టిరాయిడ్ చుక్కలు. పొట్టుతో పాటు కంట్లో దిగిన బూజుకి ఆ చుక్కలు ఎరువు. మా నాయనమ్మ కాలంలో అయితే పసరు, ఇప్పుడు ఇది. ఈసారి నేను ఆగలేదు. ఆమెనీ ఆమె పెనిమిటినీ బస్సెక్కించి పాల్వంచ పంపించా. మచ్చ మీద నుంచి రవ్వంత గీకి చూసి బూజని తేల్చి, గంటగంటకీ వేసే చుక్కలిచ్చారు. మచ్చ మిగిలింది గానీ కన్ను దక్కింది. మీదు మిక్కిలి, అది వాళ్ళ ఇంటి దారిలోనే ఉంది. మళ్ళీ చూపించుకోవాలంటే పని మానుకుని హైదరాబాదు పోనక్కర్లేదు. మిరప కాలం అయిపోయేలోపు ఆమె మళ్ళీ మన చేలోకే వచ్చింది.

"సర్కారు చెయ్యలేదా తాతా?" అంటన్నావు. చెయ్యకేం? మెహదీపట్నంలో సరోజినీదేవి కంటాసుపత్రి సర్కారుదే, ఎన్ని లక్షల మందిని చూసిందో. కంటివెలుగు పథకం 2018లో మొదలైంది, రెండో విడత 2023 జనవరిలో మన ఖమ్మంలోనే ప్రారంభించారు. మీ నానమ్మ దగ్గరి చూపు అద్దాలు అక్కడివే. ఊళ్ళోకి వచ్చి అద్దాలివ్వడం చానా మంచి పని. కానీ మా పెదనాయన సంగతి చూసినోణ్ణి గనక ఒక్క మాట చెప్తా. వచ్చి పోయేదాని ఎనక ఉండిపోయేది ఒకటి ఉండాలి. అద్దం పగిలితే పోవడానికి, కన్ను ఎర్రబడితే పోవడానికి.

ఇంకో సంగతి చెప్పి ఆపుతా. నల్లగుడ్డు మీద పువ్వు పడితే అద్దాలూ పనికిరావు, బిళ్ళా పనికిరాదు. పోయినోళ్ళ నల్లగుడ్డు తీసి పెట్టాలి, అదొక్కటే దారి. నాగేశ్వరరావు డాక్టరు నేర్చుకొచ్చిన విద్య అదే. 1989లో ఆ ఆసుపత్రిలో రామాయమ్మ పేరు మీద నేత్రనిధి పెట్టారు. మొదట్లో ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు, వచ్చే జన్మలో గుడ్డోళ్ళై పుడతామని భయం. అందుకని వాళ్ళు పెద్దాసుపత్రుల్లోనే మనుషుల్ని పెట్టారు. చావు జరిగిన ఇంటోళ్ళ పక్కన కూచుని, దుఃఖం కాస్త తెరిపిన పడ్డాక మెల్లగా అడగడమే వాళ్ళ పని. మామూలు పని కాదురా అది. ఇప్పటికి అక్కడ నల్లగుడ్డు మార్పిళ్ళు యాభై వేలు దాటినయ్.

నేను సంతకం పెట్టా. నాకు సుగరుంది, బీపీ ఉంది, కంట్లో బిళ్ళలున్నయ్, అయినా నల్లగుడ్లు పనికొస్తయ్యంట. అడిగి తెలుసుకున్నా. ఇద్దరికి పెడతారు. మా నాయన లెక్కన చూస్తే ఇద్దరి చూపంటే నలుగురి కూలి.

మన ఇళ్ళల్లో ఒక అలవాటుంది, ఆడపిల్లలు వచ్చిందాకా, దూరాన ఉన్న కొడుకు దిగిందాకా ఏ పనీ మొదలెట్టరు. దీనికి అట్టా కుదరదు. ఆరు గంటల్లోపు తియ్యాలి, తియ్యడం ఇరవై నిమిషాల పని, మొఖం ఏం మారదు. రెప్పలు మూసి తడిగుడ్డ కప్పండి, ఫాను ఆపండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తు చెయ్యండి. నెంబరు గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టా. పెద్దదానా, నీకే చెప్తన్నా, మీ అమ్మకి ఆ టయానికి ఏం తోచదు. చుట్టాలకి తర్వాత చెప్పొచ్చు, ముందు ఆ నెంబరుకి చెయ్యి.